సీరియల్ ముఖం, సినిమా భయం: విశాఖలో తీసే చిన్న థ్రిల్లర్ల లోపలి లెక్క

చిన్న బడ్జెట్ హారర్ సినిమాకు మాజీ టీవీ తార దొరికితే నిర్మాత మొదట చూసుకునేది పోస్టరునే. డబ్బు నీళ్లపాలయ్యేది కూడా అక్కడి నుంచే. సీరియల్ తార వెంట వచ్చే అసలు ఆస్తి పేరు కాదు, చనువు. ఏళ్ల తరబడి రోజూ సాయంత్రం ఇంట్లోకి వచ్చిన మనిషిని జనం అనుమానించరు. భయపెట్టే కథకు అంతకంటే పనికొచ్చే సరుకు ఇంకోటి లేదు. ఆ చనువును కథలోకి తెచ్చుకున్న సినిమా తక్కువ ఖర్చుతోనే గట్టిగా తగులుతుంది. పోస్టరుకే పరిమితం చేసిన సినిమా మాత్రం మొదటి ఆటకే తేలిపోతుంది.

పేరు చూసి టికెట్లు తెగవు. సీరియల్ చూసే ఇంట్లో ఆ తార కోసం ఎవరూ ఎన్నడూ విడిగా డబ్బు పెట్టలేదు. అన్నం కలుపుకుంటూ, బట్టలు మడతపెట్టుకుంటూ చూసిన అభిమానం అది. అదే మనిషి కోసం శుక్రవారం మ్యాట్నీకి జగదాంబ సెంటర్‌కు వస్తారని లెక్కవేస్తే తప్పుతుంది. ఆ ముఖానికి విలువ వచ్చే చోట్లు వేరు. యూట్యూబ్‌లో ట్రైలర్ నొక్కేటప్పుడు, ఓటీటీలో ఇంటిల్లిపాదీ ఏం చూడాలో తేల్చుకునేటప్పుడు, టీవీలో మొదటిసారి ప్రసారమయ్యే రోజున ఆ ముఖం పనిచేస్తుంది. ఉత్తరాంధ్ర హక్కులు కొనే పంపిణీదారుకు ఈ తేడా బాగా తెలుసు. అందుకే అతను సీరియల్ పేరు చెబితే ధర పెంచడు, ట్రైలర్ చూసి పెంచుతాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. టీవీ తారలను జనం సొంత పేరుతో కాక పాత్ర పేరుతో గుర్తుపెట్టుకుంటారు. ‘కార్తీకదీపం’ మొదటి భాగం ముగిసినా ప్రేమీ విశ్వనాథ్ చాలామందికి వంటలక్కే. జెమినీ టీవీలో ‘మొగలిరేకులు’ నడిచినన్నాళ్లూ సాగర్ అందరికీ ఆర్కే నాయుడు. ఆయన 2016లో ‘సిద్ధార్థ’తో హీరోగా వచ్చారు, 2025లో ‘ది 100’ అనే క్రైమ్ థ్రిల్లర్‌లో మళ్లీ పోలీసు అధికారిగా కనిపించారు. పాత గుర్తుకు దగ్గరగా ఉండటం ఒక దారి. ఆ గుర్తును తలకిందులు చేయడం రెండో దారి. 2016లో వచ్చిన ‘క్షణం’ నవ్వుల షోల యాంకర్‌గా తెలిసిన అనసూయను ఏసీపీ పాత్రలో నిలబెట్టింది. తక్కువ ఖర్చుతో తీసిన ఆ థ్రిల్లర్‌లో ఆ ఎంపిక అలంకారం కాదు, కథలో భాగం. ఈ రెండింటికీ మధ్యలో ఉండిపోయే సినిమాలే, అంటే తారకు కొత్త వేషం వేసి పాత నటనే చేయించేవే, ఎక్కువగా దెబ్బతింటాయి.

విశాఖకు ఈ విషయం దూరపుది కాదు. ఇక్కడ పెరిగిన రష్మి గౌతమ్ యాంకర్‌గా ఉంటూనే 2016లో ‘అంతం’, 2018లో ‘అంతకు మించి’ చేశారు. రెండూ చిన్న థ్రిల్లర్ల కోవలోవే. కొండ, సముద్రం, పాత ఊరు, అడవి దారి ఒకటి రెండు గంటల దూరంలో ఒకదానికొకటి అందుబాటులో ఉండటం వల్ల చిన్న యూనిట్లు ఇటు రావడం సహజం. వచ్చాక ఎక్కడ తడబడతాయో తెలుసుకోవడం అవసరం.

ఏడు రోజుల తార

తార కాల్షీట్లు మొత్తం షెడ్యూల్‌లో మూడో వంతుకు మించకూడదు. 22 రాత్రుల షెడ్యూల్ అనుకుంటే తారకు 7 రాత్రులు చాలు. దీనికి పాత ఉదాహరణ అమెరికాలోనే ఉంది. 1978లో సుమారు 3 లక్షల డాలర్లతో తీసిన ‘హాలోవీన్’లో అందరికీ తెలిసిన నటుడు డొనాల్డ్ ప్లెజెన్స్ పనిచేసింది 5 రోజులే, తీసుకున్నది 20,000 డాలర్లు. మిగతా సినిమా మోసిన జేమీ లీ కర్టిస్ అప్పటికి ఒక టీవీ కామెడీ సీరియల్‌లో చేసి వచ్చిన అమ్మాయి. అంతకు ముందు 1960లో హిచ్‌కాక్ ‘సైకో’ను ఖరీదైన సినిమా యూనిట్‌తో కాకుండా తన టీవీ కార్యక్రమం యూనిట్‌తోనే ఎక్కువగా తీశాడు. బడ్జెట్ 8 లక్షల డాలర్ల చిల్లర. టీవీలో నలిగిన చేతులకు వేగం ఉంటుందని ఆయనకు తెలుసు.

ఏడు రోజులే వచ్చిన మనిషి సినిమా అంతా ఉన్నట్టు అనిపించాలి. ఫోన్‌లో గొంతు, గోడ మీద ఫొటో, వాట్సాప్ వాయిస్ మెసేజ్, తలుపు సందులోంచి చీర కొంగు ఇందుకు పనికొస్తాయి. వీటిలో గొంతుకు సంబంధించినవన్నీ డబ్బింగ్ రోజే ఒక గంటలో రికార్డు చేసుకోవచ్చు. వెనుక నుంచి తీసే షాట్లకు అదే ఎత్తున్న డూప్ చాలు. కానీ నడక కలవాలి. సీరియల్ చూసినవాళ్లు నడకను కూడా గుర్తుపడతారు. కాబట్టి డూప్‌ను ఒక పూట ముందే పిలిచి, తార నడుస్తుంటే ఫోన్‌లో వీడియో తీసి చూపించాలి.

వీటన్నింటికంటే బలమైన ఉపాయం ఇంకోటుంది. కథ జరిగే ఇంట్లో టీవీ పెట్టి, అందులో ఆ తార నటించిన సీరియల్ నడుస్తున్నట్టు చూపించడం. అసలు సీరియల్ క్లిప్ వాడకూడదు, దాని హక్కులు ఛానల్‌వి. పూట పనిగా ఒక ఉత్తుత్తి సీరియల్ తీసుకోవాలి. రెండు కెమెరాలు, నీడ పడకుండా అన్ని వైపుల నుంచీ సమానమైన వెలుగు, పట్టుచీర, నిండుగా నగలు, ముఖం మీదకు మూడుసార్లు జూమ్. ఆరేడు నిమిషాల ఫుటేజ్ చాలు. దాన్ని టీవీలో నడిపి మళ్లీ కెమెరాతో పట్టేటప్పుడు కెమెరా షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు దగ్గర పెట్టకపోతే తెర మీద చారలు పాకుతాయి. టీవీ బ్రైట్‌నెస్ కూడా సగానికి తగ్గించాలి. లేకపోతే చీకటి గదిలో తెర తెల్లగా కాలిపోతుంది. ఇంతా చేస్తే దక్కేదేమిటంటే, ప్రేక్షకుడు తనకు తెలిసిన పాత ముఖాన్ని టీవీలో చూస్తూ ఉండగా అదే మనిషి నగలు లేకుండా, బొట్టు లేకుండా వంటింటి గుమ్మంలో కనిపిస్తుంది.

ఒప్పందంలో రాసుకోవాల్సినవి కూడా కాల్షీట్లతో ముడిపడినవే. తార మరో సీరియల్ ఒప్పుకుంటే జుట్టు కత్తిరిస్తారు, బరువు మారుతుంది, నెలలో సగం రోజులు హైదరాబాద్ ఫ్లోర్‌లోనే పోతాయి. ప్యాచ్‌వర్క్‌కు, అంటే మిగిలిపోయిన చిన్న షాట్లకు, రెండు రోజులు, డబ్బింగ్‌కు రెండు రోజులు, ప్రమోషన్‌కు నాలుగు రోజులు ఉంటాయని ముందే రాసుకోవాలి. ప్యాచ్‌వర్క్ అయ్యేవరకు జుట్టు, కనుబొమలు మార్చకూడదన్న మాట కూడా కాగితం మీద ఉండాలి. నోటిమాటగా వదిలేస్తే చివరికి విగ్గుతో తీయాల్సి వస్తుంది, క్లోజప్‌లో అది దొరికిపోతుంది.

ప్రాంప్టింగ్ అలవాటు

తెలుగు సీరియల్‌లో రోజుకు ఒక ఎపిసోడ్ లేవాలి. అంటే ఇరవై నిమిషాల పైచిలుకు ఫుటేజ్. నటులు డైలాగు బట్టీపట్టరు. కెమెరా పక్కన అసిస్టెంట్ ప్రాంప్టింగ్ ఇస్తే విని చెబుతారు. శబ్దం తర్వాత డబ్బింగ్‌లో ఎలాగూ కొత్తగా వస్తుంది. ఇది లోపం కాదు, ఆ వేగానికి తగ్గ నైపుణ్యం. ఒకసారి విన్న నాలుగు లైన్ల డైలాగును తడబడకుండా, కన్నీళ్లతో సహా చెప్పగల నటులు సినిమా వైపు కూడా అరుదే.

కానీ హారర్‌కు కావలసింది దీనికి సరిగ్గా ఎదురు. ప్రాంప్టింగ్ విని చెప్పే నటుల కళ్లలో ఒక చిన్న వినికిడి విరామం ఉంటుంది. సమానమైన వెలుగులో, కత్తిరింపుల మధ్య అది తెలియదు. చీకట్లో ఒకే కెమెరా ముఖం మీద నిలిస్తే మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. పైగా లైవ్ సౌండ్‌లో, అంటే సెట్లోనే గొంతు రికార్డు చేస్తూ తీస్తే ప్రాంప్టర్ గొంతు కూడా ట్రాక్‌లోకి వచ్చేస్తుంది. మందు చాలా సులువు. తార పాత్రకు డైలాగులు తగ్గించాలి. ఉన్నవి సీనుకు నాలుగైదు పొట్టి మాటలకు మించకుండా రాయాలి. షూటింగ్‌కు ముందు మూడు రోజులు కెమెరా లేకుండా కూర్చుని చదివించాలి. ఆ మూడు రోజుల ఖర్చు ఒక రాత్రి షూటింగ్ ఖర్చులో చిన్న భాగం, ఆదా అయ్యేది రెండు రాత్రులు.

గొంతు విషయం చాలామంది మరిచిపోతారు. పొరుగు భాషల నుంచి వచ్చిన సీరియల్ తారలకు తెలుగులో గొంతు ఇచ్చేది డబ్బింగ్ ఆర్టిస్టులు. అలాంటి తార సినిమాలో సొంత గొంతుతో మాట్లాడితే ముఖం తెలిసినదే అయినా గొంతు పరాయిది అవుతుంది, చనువు సగం తెగిపోతుంది. పాత డబ్బింగ్ ఆర్టిస్టునే పిలవడం ఒక పద్ధతి. అంతకంటే పదునైన పద్ధతి ఏమిటంటే, సినిమా మొదటి సగంలో పాత గొంతు, దెయ్యం పట్టిన తర్వాత తార సొంత గొంతు. రూపాయి గ్రాఫిక్స్ ఖర్చు లేకుండా వచ్చే భయం ఇది.

మేకప్ కూడా అలవాటులో భాగమే. సీరియల్ వెలుగుకు దట్టమైన ప్యాన్‌కేక్ నిలుస్తుంది. పక్క నుంచి ఒకే లైటు పడే సినిమా వెలుగులో దవడ కింద ఆ పొర అంచు గీతలా కనబడుతుంది. షూటింగ్‌కు ముందు రోజు సాయంత్రం అదే కెమెరా, అదే లెన్స్‌తో మూడు లైటింగ్‌లలో ముఖం పరీక్ష తీయాలి: పక్క లైటు, కింద నుంచి లైటు, ఫోన్ టార్చ్. ఇక గాజులు. గాజుల చప్పుడు డైలాగ్ ట్రాక్‌లో కలిస్తే తర్వాత విడదీయలేరు. సెట్లో ప్లాస్టిక్ గాజులు వేయించి, గాజు గాజుల శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకుంటే కావలసిన చోట, కావలసినంత పెట్టుకోవచ్చు.

గుమ్మంలో పిన్ని

ఒక్క షాట్ దగ్గరగా చూస్తే ఈ మాటలన్నీ తేటపడతాయి. విశాఖ పాత ఊళ్లో, కురుపాం మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో ఉండే తరహా పొడుగాటి ఇల్లు. ముందు హాలు, వెనక వంటిల్లు, రెండూ ఒకే వరసలో. కరెంటు పోయింది. హీరోయిన్ ఫోన్ టార్చ్ వేసుకుని ఎవరితోనో మాట్లాడుతూ ఉంటుంది. ఆమె వెనక, వంటింటి గుమ్మంలో పిన్ని నిలబడి ఉంటుంది. పిన్నిగా వేసింది సీరియల్ తార. ప్రేక్షకుడికి పిన్ని కనిపిస్తుంది గానీ భయం వేయదు. తెలిసిన ముఖం, ఇంటి మనిషి. పిన్ని పొద్దుటే సింహాచలం వెళ్లిందని, రేపు గానీ రాదని ముందు సీన్లలో ఒకచోట మాటల్లో వచ్చి ఉంటుంది. అది గుర్తొచ్చిన క్షణాన ప్రేక్షకుడే తనంతట తాను భయపడతాడు. కొత్త నటితో ఈ షాట్ తీస్తే మొదటి సెకనులోనే దెయ్యం అని తెలిసిపోతుంది. తారకు ఇచ్చిన డబ్బు గిట్టుబాటయ్యేది ఇక్కడే.

తీయడం ఎలా? ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 35 ఎంఎం లెన్స్. హీరోయిన్ 2 మీటర్లలో, తార 7 మీటర్లలో. ఫోకస్ హీరోయిన్ మీద. అపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర; అంకె తగ్గేకొద్దీ ఎక్కువ తెరిచినట్టు) 2.8 దగ్గర ఉంటే వెనక ముఖం మసకగా, అయినా గుర్తుపట్టేలా ఉంటుంది. 1.4కు తెరిస్తే ముఖం కరిగిపోయి ఎవరో తెలియదు, చనువు పనిచేయదు. 5.6కు మూస్తే వెనక మనిషి మరీ స్పష్టమై చూపు ముందే అటు పోతుంది. తార మీద వెలుగు హీరోయిన్ మీది కంటే రెండు స్టాపులు తక్కువ, అంటే నాలుగో వంతు. వంటింటి కిటికీ బయట ఒక చిన్న ఎల్‌ఈడీ ట్యూబ్, దాని ముందు బటర్ పేపర్, అంతే. కంట్లో మెరుపు పడకూడదు.

షాట్ నిడివి 40 సెకన్లు. మధ్యలో కట్ లేదు. సీరియల్‌లో తన వంతు వచ్చేదాకా ఆగే అలవాటున్న నటి ఆ 40 సెకన్లలో తెలియకుండానే బరువు ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదకు మార్చుకుంటుంది. దాన్ని ఆపడానికి నిలబడే చోట నేల మీద టేపుతో రెండు పాదాల గుర్తులు వేసి, వీపు గుమ్మం చెక్కకు ఆనేలా నిలబెట్టాలి. శబ్దం విషయానికి వస్తే సంగీతం వద్దు. కరెంటు పోయిందంటే ఫ్రిజ్ హోరు ఆగుతుంది, ఫ్యాన్ నెమ్మదించి నిలుస్తుంది. ఆ నిలిచే శబ్దాన్ని షాట్ మొదట్లో వినిపిస్తే తర్వాతి నిశ్శబ్దం దానికదే బరువెక్కుతుంది. ఇల్లంతా ఖాళీ చేయించి ఒక నిమిషం రూమ్ టోన్ (ఖాళీ గదిలో ఉండే సన్నటి సహజ శబ్దం) రికార్డు చేసుకోకపోతే ఎడిటింగ్‌లో ఆ నిశ్శబ్దం గతుకులు పడుతుంది. నాలుగు టేకులకు, లైటింగ్‌తో కలిపి, రెండు గంటలు పెట్టుకోవాలి. ఈ ఒక్క షాట్ సరిగా వస్తే ట్రైలర్‌కు వేరే సరుకు అక్కర్లేదు.

చివర హీరోయిన్ తిరిగి చూసి, ‘ఏటి పిన్నీ, ఎప్పుడొచ్చీసినావు?’ అంటుంది. ఆ మాటలోని యాస స్థానిక నటి నోట రావాలి. సీరియల్ భాషకు అలవాటుపడిన తారతో ఉత్తరాంధ్ర యాస పలికిస్తే ఇక్కడి జనం ఒక్క వాక్యంలో పట్టేస్తారు, అప్పుడు హాల్లో వచ్చేది నవ్వు. తార పాత్రను బయటి ఊరి నుంచి కాపురానికి వచ్చిన మనిషిగా రాసి, యాసంతా చుట్టూ ఉన్నవాళ్లకు ఇవ్వడం మేలు. ఆ చుట్టూ ఉండేవాళ్ల కోసం హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉంది. కళాభారతి ఆడిటోరియంలో నాటకాలు చూస్తే మంచి నటులు అక్కడే కనిపిస్తారు. వాళ్లకు డైలాగు బట్టీపట్టే అలవాటు ఉంటుంది, ప్రాంప్టింగ్‌కు అలవాటుపడిన తార పక్కన అది పెద్ద ఊతం.

రాత్రి ఎంత పొడుగు

డిసెంబరులో విశాఖలో సూర్యుడు సాయంత్రం 5.25 ప్రాంతంలో దిగి మర్నాడు 6.25 ప్రాంతంలో లేస్తాడు. జూన్‌లో దిగేది 6.35కు, లేచేది 5.20కి. సంధ్య వెలుగు తీసేస్తే డిసెంబరు రాత్రిలో సుమారు 12 గంటల చీకటి, జూన్ రాత్రిలో 10 గంటలు. పదిహేను రాత్రుల షెడ్యూల్‌కు తేడా 30 గంటలు, అంటే జూన్ లెక్కలో మూడు రాత్రులు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఈ ఊరి మీదే పడింది. తీరం మీద సెట్ వేసే పని ఆ రెండు నెలల్లో పెట్టుకోకూడదు. జనవరి, ఫిబ్రవరి అన్నిటికంటే మేలు.

ఇక్కడ తెల్లారేది సముద్రం మీద. కాబట్టి సముద్రం వైపు పెట్టిన ఫ్రేమ్ ముందుగా నీలమవుతుంది, కొండ వైపు పెట్టిన ఫ్రేమ్ ఇంకో పావుగంట చీకటిగా నిలుస్తుంది. రాత్రి మొదట్లో సముద్రం వైపు షాట్లు, చివర్లో కొండ వైపు షాట్లు అని వరస వేసుకుంటే రోజూ ఆ పావుగంట మిగులుతుంది. సముద్రం వైపు తీసేటప్పుడు దూరంగా లంగరేసిన ఓడల దీపాలు ఫ్రేమ్‌లో పడతాయి. ఈ రాత్రి ఉన్న ఓడ రేపు ఉండదు. ఒక సీను రెండు రాత్రులకు పాకితే షాట్ల మధ్య పొంతన (కంటిన్యూటీ) పోతుంది. సీను ఒకే రాత్రిలో ముగించాలి, లేదా దిగంతం కనిపించకుండా కెమెరా దించాలి.

పొగ మెషీన్ తెచ్చి భీమిలి రోడ్డులో తీరం ఒడ్డున పెట్టి విసిగిపోయే యూనిట్లు ఎన్నో. పగలు గాలి సముద్రం నుంచి ఊరి వైపు వీస్తుంది. రాత్రి బాగా పొద్దుపోయాక ఊరి నుంచి సముద్రం వైపు తిరుగుతుంది, కాస్త నెమ్మదిగానూ ఉంటుంది. మెషీన్‌ను ఊరి వైపు పెట్టి, ఆ షాట్లను అర్ధరాత్రి తర్వాతకు జరిపితే పొగ ఫ్రేమ్‌లో నిలుస్తుంది. నిజమైన మంచు కావాలంటే లంబసింగి, అరకు వైపు డిసెంబరు, జనవరిలో వెళ్లాలి. ఎండ పడగానే మంచు విడిపోతుంది. అందుకే వైడ్ షాట్లు ముందు తీసి, క్లోజప్‌లు తర్వాత మెషీన్ పొగతో కలపాలి. శని, ఆదివారాలు వద్దు, పర్యాటకులతో దారి కిక్కిరిసిపోతుంది.

కెమెరాకు ఇక్కడి తేమ, ఉప్పు రెండూ శత్రువులే. ఏసీ గదిలోంచి తీసిన లెన్స్ బయటి గాలి తగలగానే చెమటపడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. సంచీ మూసే ఉంచి అరగంట బయట పెట్టాలి, లేదా రాత్రి సామాను ఏసీ లేని గదిలోనే ఉంచాలి. తీరాన తీసినంతసేపూ లెన్స్ ముందు క్లియర్ ఫిల్టర్ తప్పనిసరి. ట్రైపాడ్ కాళ్లు తెల్లారగానే మంచినీళ్లతో కడగాలి.

వెలుగు సంగతి. సోనీ ఎఫ్‌ఎక్స్3, ఎఫ్‌ఎక్స్6 లాంటి కెమెరాలకు ఎస్‌లాగ్3 అనే రికార్డింగ్ పద్ధతిలో 800, 12,800 అని రెండు బేస్ ఐఎస్‌ఓలు, అంటే వెలుగును బాగా పట్టే రెండు మెట్లు, ఉంటాయి. మధ్యలో 6,400 దగ్గర ఆపితే 12,800 కంటే ఎక్కువ గ్రెయిన్ (బొమ్మ మీద చుక్కచుక్కల మరక) వస్తుంది. 24 ఫ్రేములకు తీస్తూ పాత ఇంటి ట్యూబ్‌లైటు ఫ్రేమ్‌లో ఉంచుకుంటే షట్టర్ కోణం 172.8 డిగ్రీలు పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, అప్పుడే వెలుగు వణకదు. చీకట్లో మానిటర్ చూసి వెలుగు నిర్ణయించడం ప్రమాదం. మానిటర్ చుట్టూ కప్పిన నల్లటి గుడారంలో ఏదైనా ప్రకాశంగానే కనిపిస్తుంది. ముఖం మిడిల్ గ్రే (నడిమి బూడిద రంగు వెలుగు) కంటే మూడు స్టాపులకు మించి కిందకు పోకుండా వేవ్‌ఫామ్ అనే వెలుగు గ్రాఫ్‌లో చూసుకోవాలి. ప్రొజెక్టర్ దీపం పాతబడిన హాళ్లలో అంతకంటే చీకటి తీస్తే మిగిలేది నల్ల తెరే.

పాత ఇళ్లలో 15 ఆంపియర్ల సాకెట్ నుంచి లెక్క ప్రకారం 3,450 వాట్లు రావాలి. వైరింగ్‌ను నమ్మి 2,700 దాటకూడదు. 600 వాట్ల ఎల్‌ఈడీ అన్నది గోడ నుంచి 700కు పైగా లాగుతుంది కాబట్టి మూడు పెద్ద లైట్లు, రెండు మూడు ట్యూబులు, అక్కడితో ఆపాలి. మేకప్ గదిలో హెయిర్ డ్రయ్యర్ అదే లైనులో పెడితే టేకు మధ్యలో ఫ్యూజు ఎగురుతుంది. డేటా లెక్క కూడా అప్పుడే చూసుకోవాలి. 4కేలో సెకనుకు 240 మెగాబిట్ల చొప్పున గంటకు 108 జీబీ. రాత్రికి మూడు గంటల ఫుటేజ్ వస్తే 324 జీబీ. రెండు వేర్వేరు డ్రైవుల్లోకి కాపీ అయ్యాకే కార్డు ఖాళీ చేయాలి.

అనుమతుల గురించి టూకీగా. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు. నౌకాదళ స్థావరాలకు 3 కిలోమీటర్ల లోపు డ్రోన్ ఎగరేయడం నిషేధం. డాల్ఫిన్స్ నోస్ కొండ, యారాడ తీరం వైపు డ్రోన్ షాట్ రాసుకునే ముందే ఈ సంగతి గుర్తుండాలి. నల్ల పిల్లి ఒక్క షాట్‌లో కనిపించినా జంతు సంక్షేమ బోర్డు అనుమతి పత్రం లేకుండా సెన్సార్‌లో ఇబ్బంది. దెయ్యం పట్టే పాత్రకు పిల్లలను పెడితే కలెక్టరేట్ అనుమతి కావాలి. రోజుకు 5 గంటలకు మించి పనిచేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. ఎర్రమట్టి దిబ్బల్లో గుంతలు తవ్వడం, మేకులు దిగ్గొట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అడుగు వేస్తేనే రాలే నేల అది, పోతే తిరిగి రాదు.

చివరి మిక్సింగ్, సర్టిఫికెట్

ఈ సినిమాలను ఎక్కువమంది చూసేది ఫోన్‌లో, ఇంటి టీవీలో. చుట్టూ స్పీకర్లుండే 5.1 మిక్సింగ్ థియేటర్లో ఉలిక్కిపడే షాట్‌కు పెట్టిన లోతైన గుమ్మనే శబ్దం ఫోన్ స్పీకర్‌లో వినబడదు. 150 హెర్ట్జ్ కిందిది ఆ స్పీకర్లు దాదాపు పలకవు. ఆ శబ్దానికి జతగా 300 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్య ఒక పొర ఉండాలి: తలుపు కిర్రు, ఊపిరి, గిన్నె పడిన చప్పుడు. మిక్సింగ్ ముగిశాక ఫోన్‌లో పెట్టి, ఫ్యాన్ తిరిగే గదిలో ఒకసారి వినాలి. సముద్రం హోరు కూడా ఇక్కడే కొంపముంచుతుంది. అలల శబ్దం షాట్ షాట్‌కూ మారుతుంది, కట్ చేసిన ప్రతి చోటా గంతు వినిపిస్తుంది. తీరాన తీసిన డైలాగులు డబ్బింగ్‌కే వెళ్లాలి, అల శబ్దం విడిగా ఐదు నిమిషాలు రికార్డు చేసి కింద పరవాలి.

సర్టిఫికెట్ విషయంలో చేసే తప్పు తార మీద పెట్టిన డబ్బును నేరుగా కొడుతుంది. పెద్దలకు మాత్రమే అనే ‘ఏ’ సర్టిఫికెట్ వచ్చిన సినిమాను టీవీలో వేయడానికి లేదు. 2023 సవరణ తర్వాత యూఏలో 7, 13, 16 ఏళ్ల మెట్లు వచ్చాయి. టీవీ కోసం కోతలతో మళ్లీ సర్టిఫికెట్ తీసుకునే వీలూ ఉంది. టీవీ తారకు విలువ ఎక్కువగా టీవీలోనే కాబట్టి సెట్లో ఉన్నప్పుడే రక్తం ఎక్కువున్న ప్రతి షాట్‌కు రక్తం లేని జత తీసి పెట్టుకోవాలి. సినిమా మొత్తానికి అలాంటివి ఎనిమిది పదికి మించవు, ఒక్కోదానికి పది నిమిషాలు చాలు. తీయకపోతే టీవీ వెర్షన్‌లో ఆ చోట్లన్నీ మసకపెట్టాలి, భయం ఉండాల్సిన చోట మచ్చ మిగులుతుంది.

హిందీ డబ్బింగ్ హక్కులు కొనేవాళ్లు మొదట అడిగేది డైలాగులు లేని సంగీతం, ఎఫెక్ట్స్ ట్రాక్. లైవ్ సౌండ్‌లో తీసిన సినిమాకు అడుగుల చప్పుడు, గాజులు, తలుపులు అన్నీ డైలాగ్ ట్రాక్‌లోనే ఉండిపోతాయి. డైలాగ్ తీసేస్తే అవీ పోతాయి. మిక్సింగ్ ఒప్పందంలోనే ఫోలీ (స్టూడియోలో విడిగా చేసే అడుగులు, తలుపుల వంటి చప్పుళ్లు) మొత్తం నింపిన ట్రాక్ విడిగా ఇవ్వాలని రాసుకోవాలి. ఏడాది తర్వాత అడిగితే ఆ ప్రాజెక్ట్ ఫైలు స్టూడియోలో ఉండకపోవచ్చు. సెట్లో గాజుల శబ్దం విడిగా రికార్డు చేసుకున్న యూనిట్‌కు ఆ ట్రాక్‌లో కొంత పని అప్పటికే అయిపోయి ఉంటుంది.